శాఖా కార్యాలయ డొమైన్ కంట్రోలర్‌లో గ్రూప్ పాలసీ లోపాలు

విండోస్ సర్వర్ల మీద నడిచే సంస్థల్లో కంప్యూటర్ల నియమాలను ప్రధాన కార్యాలయంలో ఒకచోట రాసి, అన్ని ఊళ్ల శాఖలకూ పంపే ఏర్పాటు పేరు గ్రూప్ పాలసీ. పాస్‌వర్డ్ ఎంత పొడవుండాలి, ఏ డ్రైవు కనిపించాలి, ఎవరు ఏ యంత్రంలోకి లాగిన్ కావచ్చు వంటివన్నీ దీని పరిధిలోకి వస్తాయి. శాఖలోని డొమైన్ కంట్రోలర్ ఈ నియమాలను అక్కడి కంప్యూటర్లకు అందిస్తుంది, తన మీద కూడా అమలు చేసుకుంటుంది. ఈ రెండు పనుల్లో ఏది చెడినా ఈవెంట్ లాగ్‌లో 1058, 1030, 1006, 1129, 1202 వంటి నంబర్లతో ఎర్రర్లు పడతాయి.

ఎర్రర్ గ్రూప్ పాలసీ పేరు మీద పడినా, రోగం చాలాసార్లు మరోచోట ఉంటుంది. పేర్ల వ్యవస్థ, గడియారం, లైను, రెప్లికేషన్, అనుమతులు అన్నీ సరిగా ఉంటేనే పాలసీ చదవడం సాధ్యమవుతుంది. అందుకే ఈ లోపాల పరిశోధన పాలసీని తిరగరాయడంతో మొదలవదు. పాలసీ ఏ దారిన శాఖకు రావాలో, ఆ దారిలో ఎక్కడ ఆగిందో వెతకడంతో మొదలవుతుంది.

నేపథ్యం

విండోస్ ఎన్‌టీ 4.0 రోజుల్లో సిస్టమ్ పాలసీ అనే చిన్న ఏర్పాటు ఉండేది. నెట్‌లాగాన్ షేర్‌లో ఒక ఫైలు పెడితే లాగిన్ అయ్యే యంత్రాలు దాన్ని చదువుకునేవి. అప్పట్లో రాయడానికి వీలున్న ప్రాథమిక డొమైన్ కంట్రోలర్ ఒక్కటే ఉండేది, మిగిలినవి దాని నకళ్లు. 2000 ఫిబ్రవరిలో విండోస్ 2000 సర్వర్‌తో పాటు వచ్చిన యాక్టివ్ డైరెక్టరీ ఈ పద్ధతిని మార్చేసింది. ప్రతి డొమైన్ కంట్రోలర్‌లోనూ రాసే వీలొచ్చింది, రాసినది మిగతా వాటికి రెప్లికేషన్ ద్వారా చేరుతుంది. గ్రూప్ పాలసీ కూడా అదే విడుదలతో వచ్చింది.

ఆ తరువాతి విడుదలల్లో శాఖలను నేరుగా తాకిన మార్పులు కొన్ని ఉన్నాయి. విండోస్ సర్వర్ 2003తో బ్యాకప్ మీడియా నుంచి డొమైన్ కంట్రోలర్‌ను నిలబెట్టే వీలు వచ్చింది. దాంతో డైరెక్టరీ మొత్తాన్ని సన్నటి లైను మీద లాగాల్సిన అవసరం తప్పింది. పాలసీలన్నిటినీ ఒకచోట చూపే గ్రూప్ పాలసీ మేనేజ్‌మెంట్ కన్సోల్ కూడా ఆ కాలంలోనే వచ్చింది. విండోస్ సర్వర్ 2008 చదవడానికి మాత్రమే వీలుండే డొమైన్ కంట్రోలర్‌ను, పాలసీ ఫైళ్ల కోసం కొత్త రెప్లికేషన్ ఇంజిన్‌ను తెచ్చింది. విండోస్ సర్వర్ 2012తో పాలసీ నకళ్లు అన్ని కంట్రోలర్లలో సరిపోలుతున్నాయో లేదో కన్సోల్‌లోనే చూసే వీలు కలిగింది.

రెండు భాగాలు, రెండు దారులు

ఒక గ్రూప్ పాలసీ ఆబ్జెక్ట్ చూడటానికి ఒకటే వస్తువు, దాచడంలో మాత్రం రెండు ముక్కలు. మొదటి ముక్క యాక్టివ్ డైరెక్టరీ డేటాబేస్‌లో ఉంటుంది: పాలసీ పేరు, దాని గుర్తింపు సంఖ్య, వెర్షన్, ఎవరికి వర్తిస్తుందో చెప్పే అనుమతులు. దీన్ని కంటైనర్ అంటారు. రెండో ముక్క సిస్‌వాల్ అనే షేర్డ్ ఫోల్డర్‌లో ఫైళ్ల రూపంలో ఉంటుంది: అసలు సెట్టింగ్‌లు, స్క్రిప్టులు, జీపీటీ.ఐఎన్‌ఐ అనే చిన్న టెక్స్ట్ ఫైలు. దీన్ని టెంప్లేట్ అంటారు. ప్రతి పాలసీకీ సిస్‌వాల్‌లో దాని గుర్తింపు సంఖ్యే పేరుగా ఒక ఫోల్డర్ ఉంటుంది. డిఫాల్ట్ డొమైన్ పాలసీ ఫోల్డర్ పేరు ఏ సంస్థలో చూసినా 31బీ2ఎఫ్340తోనూ, డిఫాల్ట్ డొమైన్ కంట్రోలర్స్ పాలసీది 6ఏసీ1786సీతోనూ మొదలవుతుంది. ఎర్రర్ సందేశంలో ఈ సంఖ్య కనిపిస్తే ఏ పాలసీ దగ్గర ఆగిందో అక్కడే తెలిసిపోతుంది.

ఈ రెండు ముక్కలూ రెండు వేర్వేరు యంత్రాంగాల ద్వారా ప్రయాణిస్తాయి. కంటైనర్‌ను యాక్టివ్ డైరెక్టరీ రెప్లికేషన్ మోసుకొస్తుంది. టెంప్లేట్‌ను పాత డొమైన్లలో ఫైల్ రెప్లికేషన్ సర్వీస్, అంటే ఎఫ్‌ఆర్‌ఎస్, కొత్త డొమైన్లలో డీఎఫ్ఎస్ రెప్లికేషన్, అంటే డీఎఫ్ఎస్‌ఆర్ మోసుకొస్తుంది. ఒకటి చేరి మరొకటి చేరకపోవడం అందుకే సాధ్యం.

ఈ తేడాను కొలిచే కొలబద్ద వెర్షన్ నంబరు. అది కంటైనర్‌లో ఒకచోట, జీపీటీ.ఐఎన్‌ఐ ఫైల్లో ఒకచోట రాసి ఉంటుంది. ఈ 32 బిట్ల సంఖ్యలో పై 16 బిట్లు యూజర్ సెట్టింగ్‌ల మార్పులను, కింది 16 బిట్లు కంప్యూటర్ సెట్టింగ్‌ల మార్పులను లెక్కపెడతాయి. ఉదాహరణకు ఒక పాలసీకి ప్రధాన కార్యాలయంలో 65539 అని ఉందనుకుందాం. 65536తో భాగిస్తే 1 వచ్చి 3 మిగులుతుంది. అంటే యూజర్ వైపు వెర్షన్ 1, కంప్యూటర్ వైపు వెర్షన్ 3. శాఖ కంట్రోలర్ డేటాబేస్‌లో కూడా 65539 ఉండి, అక్కడి జీపీటీ.ఐఎన్‌ఐ మాత్రం 65538 చూపిస్తే, డైరెక్టరీ రెప్లికేషన్ బాగానే నడుస్తోందని, చివరిసారి కంప్యూటర్ సెట్టింగ్‌కు చేసిన మార్పు ఫైలుగా మాత్రం చేరలేదని అర్థం. ఇక సైట్ లింకుల మీద అనుమానం పెట్టుకోనక్కర్లేదు, సిస్‌వాల్ సంగతి చూడాలి. రెండు చోట్లా 65538 ఉంటే మొదట చూడాల్సింది డైరెక్టరీ రెప్లికేషన్.

శాఖ పరిస్థితి ఎందుకు వేరు

ఒకే సైటులోని డొమైన్ కంట్రోలర్ల మధ్య డైరెక్టరీ మార్పు సెకన్లలో చేరుతుంది. విండోస్ సర్వర్ 2003 నుంచి మార్పు కబురు పంపడానికి ఆగే సమయం 15 సెకన్లు. సైట్ల మధ్య పద్ధతి వేరు. అక్కడ షెడ్యూలు ప్రకారమే రెప్లికేషన్ జరుగుతుంది. ముందుగా పెట్టి ఇచ్చే విరామం 180 నిమిషాలు, దాన్ని 15 నిమిషాల వరకు తగ్గించుకోవచ్చు. పగలంతా లైను ఖాళీగా ఉంచాలని రాత్రి వేళల్లోనే షెడ్యూలు పెట్టుకునే సంస్థల్లో పొద్దున చేసిన మార్పు శాఖకు రాత్రికి గానీ రాదు. ఇది లోపం కాదు, ఏర్పాటే అంత. శాఖ నుంచి వచ్చే ఫిర్యాదుల్లో కొన్ని ఇక్కడే తేలిపోతాయి.

మార్పులు ఎక్కడ మొదలవుతాయన్నది కూడా ముఖ్యం. పాలసీ ఎడిటర్ తెరిస్తే అది మామూలుగా పీడీసీ ఎమ్యులేటర్ బాధ్యత ఉన్న కంట్రోలర్ మీదే రాస్తుంది. ఇద్దరు అడ్మిన్లు రెండు కంట్రోలర్ల మీద ఒకే పాలసీని ఒకేసారి మారిస్తే, చివర రాసిన వారి మాటే నిలుస్తుంది, మొదటివారి మార్పు పోతుంది. ఈ గొడవ రాకుండా పెట్టిన ఏర్పాటది. దాంతో ప్రధాన కార్యాలయంలో కూర్చున్న అడ్మిన్ తన మార్పును వెంటనే చూడగలుగుతాడు, శాఖలో ఉన్నవారు చూడలేరు.

పాలసీ ఎంత తరచుగా తాజా అవుతుందన్న లెక్క కూడా ఇక్కడ కలిసొస్తుంది. మామూలు కంప్యూటర్ 90 నిమిషాలకొకసారి, దానికి 0 నుంచి 30 నిమిషాల యాదృచ్ఛిక ఆలస్యం కలిపి పాలసీ చదువుకుంటుంది. డొమైన్ కంట్రోలర్ మాత్రం ప్రతి 5 నిమిషాలకూ చదువుకుంటుంది. అందువల్ల చిన్న లోపం ఒకటే అయినా కంట్రోలర్ లాగ్‌లో రోజుకు 288 సార్లు నమోదు కావచ్చు. లాగ్ నిండిపోయిందని హడలిపోనక్కర్లేదు. సంఖ్య ఎంతన్నది కాక, మొదటిసారి ఎప్పుడు పడిందన్నదే పనికొచ్చే సమాచారం.

లోపాలు కనిపించే తీరు

విండోస్ విస్టా, సర్వర్ 2008 నుంచి గ్రూప్ పాలసీ ఎర్రర్లు సిస్టమ్ లాగ్‌లో పడతాయి. అంతకుముందు అప్లికేషన్ లాగ్‌లో యూజర్‌ఎన్వ్ పేరు మీద పడేవి. ఎక్కువగా కనిపించేవి ఇవి.

1058: ఫలానా పాలసీ జీపీటీ.ఐఎన్‌ఐ ఫైలు చదవలేకపోయాం. దీని వివరాల్లో ఉండే ఎర్రర్ కోడ్ అసలు కీలకం. 3 అయితే దారి లేదు, అంటే ఆ ఫోల్డరే సిస్‌వాల్‌లోకి రాలేదు. 5 అయితే అనుమతి లేదు. 53 అయితే నెట్‌వర్క్ దారి దొరకలేదు, అంటే పేరు, పోర్టు, లేదా సర్వీసు లోపం.

1030: పాలసీల జాబితా తెచ్చుకోలేకపోయాం. పాత సర్వర్లలో ఇది 1058తో జంటగా వచ్చేది.

1006: డైరెక్టరీతో అనుసంధానం కుదరలేదు. కోడ్ 49 అయితే చెల్లని ఆధారాలు. పాస్‌వర్డ్ మారిన ఖాతాతో పాత సెషన్ నడుస్తున్నప్పుడు కనిపిస్తుంది.

1055: కంప్యూటర్ పేరును పరిష్కరించలేకపోయాం. డీఎన్‌ఎస్ లోపంతో పాటు, కొత్తగా చేరిన ఖాతా ఇంకా రెప్లికేట్ కాకపోవడం కూడా దీనికి కారణం.

1129: డొమైన్ కంట్రోలర్‌తో నెట్‌వర్క్ సంబంధం లేదు. యంత్రం లేచేటప్పుడు ఒక్కసారి పడి ఆగిపోతే నెట్‌వర్క్ కార్డు సిద్ధమయ్యేలోపు పాలసీ మొదలైందని అర్థం. పదేపదే పడితేనే పట్టించుకోవాలి.

1085: పాలసీ చేరింది గానీ ఒక నిర్దిష్ట భాగం, అంటే ఫోల్డర్ రీడైరెక్షనో, స్క్రిప్టులో అమలు కాలేదు.

1202: ఎస్‌సీఈక్లై పేరు మీద వచ్చే ఇది భద్రతా సెట్టింగ్‌లు కొన్ని అమలు కాలేదని చెబుతుంది.

కారణాలు

పేర్ల వ్యవస్థ. శాఖల్లో తరచుగా దొరికే మూలం ఇదే. డొమైన్ కంట్రోలర్ నెట్‌వర్క్ కార్డులో డీఎన్‌ఎస్ చిరునామాగా ఇంటర్నెట్ కంపెనీ ఇచ్చిన రూటర్ చిరునామా ఉంటే, డొమైన్‌కు సంబంధించిన ఎస్‌ఆర్‌వీ రికార్డులు దానికి తెలియవు. బ్రౌజర్ బాగా పనిచేస్తుంది, పాలసీ మాత్రం ఆగుతుంది. రెండు నెట్‌వర్క్ కార్డులున్న సర్వర్, లేదా వీపీఎన్ సేవ కూడా నడిపే సర్వర్ తన రెండు చిరునామాలనూ డీఎన్‌ఎస్‌లో నమోదు చేసుకుంటుంది. అందులో చేరుకోలేని చిరునామా ముందొస్తే కాసేపు పనిచేసి కాసేపు ఆగే వింత లోపం తయారవుతుంది. ఒకే కంట్రోలర్ ఉన్న శాఖలో అది డీఎన్‌ఎస్ కోసం తననే చూసుకుంటే మరో చిక్కు. కరెంటు పోయి లేచినప్పుడు డీఎన్‌ఎస్ సర్వీసు డైరెక్టరీ సిద్ధం కావాలని, డైరెక్టరీ డీఎన్‌ఎస్ సిద్ధం కావాలని ఎదురుచూస్తాయి. అప్పుడు డీఎన్‌ఎస్ లాగ్‌లో 4013 పడుతుంది.

సైట్, సబ్‌నెట్ వివరాలు. కొత్త శాఖకు ఐపీ చిరునామాలు కేటాయించి, ఆ సబ్‌నెట్‌ను యాక్టివ్ డైరెక్టరీ సైట్స్‌లో నమోదు చేయడం మరిచిపోవడం మామూలే. అప్పుడు శాఖ కంప్యూటర్లకు తమ సైటేదో తెలియదు. పక్క గదిలో కంట్రోలర్ ఉన్నా వందల మైళ్ల అవతలి దానిని అడుగుతాయి. సిస్టమ్ లాగ్‌లో నెట్‌లాగాన్ పేరు మీద 5807 ఈవెంట్, డీబగ్ ఫోల్డర్‌లోని నెట్‌లాగాన్ ఫైల్లో క్లయింట్‌కు సైట్ లేదన్న వరుసలు దీనికి గుర్తు. చిరునామాలు కూడా ఆ వరుసల్లోనే ఉంటాయి కాబట్టి ఏ సబ్‌నెట్ చేర్చాలో అక్కడే తెలుస్తుంది.

గడియారం. కెర్బెరోస్ ధ్రువీకరణ రెండు యంత్రాల మధ్య 5 నిమిషాలకు మించిన తేడాను ఒప్పుకోదు. డొమైన్‌లో సమయానికి పెద్ద దిక్కు పీడీసీ ఎమ్యులేటర్. శాఖ సర్వర్ వర్చువల్ యంత్రమై, తనను నడిపే హోస్ట్ నుంచి సమయం తీసుకుంటూ, ఆ హోస్ట్ గడియారం తప్పుగా ఉంటే ధ్రువీకరణ పడిపోతుంది. ఈ లోపాన్ని పట్టుకోవడానికి సులువైన పరీక్ష ఉంది. అవతలి సర్వర్ సిస్‌వాల్‌ను పేరు పెట్టి తెరవండి, తరువాత ఐపీ చిరునామాతో తెరవండి. చిరునామాతో తెరుచుకుని పేరుతో తెరుచుకోకపోతే అనుమానం కెర్బెరోస్ మీదకు వెళ్తుంది, ఎందుకంటే చిరునామాతో వెళ్లినప్పుడు మామూలుగా వాడేది పాత ఎన్‌టీఎల్‌ఎం పద్ధతి. అయితే కింద వివరించే యూఎన్‌సీ హార్డెనింగ్ అమలులో ఉన్నచోట చిరునామాతోనూ తెరుచుకోకపోవచ్చు.

లైను, ఫైర్‌వాల్. డీఎన్‌ఎస్‌కు 53, కెర్బెరోస్‌కు 88, ఆర్‌పీసీకి 135, ఎల్‌డీఏపీకి 389, ఫైల్ షేర్‌కు 445 పోర్టులు తెరిచి ఉండాలి. ఆర్‌పీసీకి ఇవి చాలవు, డైనమిక్ పోర్టులు కూడా కావాలి. సర్వర్ 2003 వరకు 1025 నుంచి 5000 వరకు ఉన్న ఈ శ్రేణి సర్వర్ 2008లో 49152 నుంచి 65535కు మారింది. శాఖ సర్వర్‌ను కొత్త వెర్షన్‌కు మార్చి ఫైర్‌వాల్ నియమాలను పాతవే ఉంచితే రెప్లికేషన్ 1722 ఎర్రర్‌తో ఆగుతుంది. ఎక్స్‌పీ, సర్వర్ 2003 కాలంలో లైను వేగం తెలుసుకోవడానికి గ్రూప్ పాలసీ 2048 బైట్ల పింగ్ పంపేది. పెద్ద పింగ్‌లను అడ్డుకునే రూటర్ ఉంటే వేగం తేలక పాలసీయే ఆగిపోయేది. విస్టా నుంచి ఈ పద్ధతి పోయి, నెట్‌వర్క్ లొకేషన్ అవేర్‌నెస్ సర్వీసు ఆ పని చేస్తోంది. వేగం సెకనుకు 500 కిలోబిట్ల కన్నా తక్కువని తేలితే సాఫ్ట్‌వేర్ ఇన్‌స్టలేషన్, ఫోల్డర్ రీడైరెక్షన్ వంటివి మామూలుగా ఆపేసి, భద్రతా సెట్టింగ్‌లు, రిజిస్ట్రీ సెట్టింగ్‌లు మాత్రం అమలు చేస్తుంది. సగం పాలసీయే వచ్చిందన్న ఫిర్యాదుకు ఇది తరచుగా జవాబు.

డైరెక్టరీ రెప్లికేషన్. తొలగించిన వస్తువు గుర్తును డైరెక్టరీ కొంతకాలం ఉంచుకుంటుంది. దాన్ని టూంబ్‌స్టోన్ గడువంటారు. మొదట్లో 60 రోజులు ఉండేది. సర్వర్ 2003 మొదటి సర్వీస్ ప్యాక్ తరువాత కొత్తగా పెట్టిన ఫారెస్టుల్లో 180 రోజులు. ప్రధాన కార్యాలయంలో సిద్ధం చేసి పెట్టెలో పెట్టిన సర్వర్ శాఖకు చేరి తెరుచుకునేసరికి ఈ గడువు దాటితే, మిగతా కంట్రోలర్లు దానితో రెప్లికేషన్‌కు ఒప్పుకోవు. 2042 ఈవెంట్, 8614 ఎర్రర్ దీనికి ఆనవాళ్లు. వర్చువల్ యంత్రాన్ని పాత స్నాప్‌షాట్‌కు వెనక్కి తిప్పడం ఇంకా ప్రమాదం. దాని మార్పుల లెక్క వెనక్కి పోతుంది, 2095 ఈవెంట్ పడుతుంది, నెట్‌లాగాన్ సర్వీసు ఆగి నిలుస్తుంది. సర్వర్ 2012 నుంచి హైపర్‌వైజర్ సహకరిస్తే ఈ ప్రమాదాన్ని గుర్తించే రక్షణ వచ్చింది.

సిస్‌వాల్ రెప్లికేషన్. ఎఫ్‌ఆర్‌ఎస్ వాడే డొమైన్లలో పేరుమోసిన లోపం జర్నల్ ర్యాప్. డిస్కులో మార్పులను రాసే ఎన్‌టీఎఫ్ఎస్ జర్నల్ నిండి పాతవి చెరిగిపోయేలోపు ఎఫ్‌ఆర్‌ఎస్ వాటిని చదవలేకపోతే 13568 ఈవెంట్ పడి రెప్లికేషన్ ఆగుతుంది. భాగస్వామితో సంబంధం దొరకకపోతే 13508 పడుతుంది, తరువాత 13509 వస్తే దొరికిందని అర్థం. సిస్‌వాల్‌ను తడిమే యాంటీవైరస్ ఫైళ్ల భద్రతా వివరాలను మార్చి అనవసర రెప్లికేషన్‌కు కారణమయ్యేది.

డీఎఫ్ఎస్‌ఆర్ ఎఫ్‌ఆర్‌ఎస్ కన్నా గట్టిది. ఫైలు మొత్తాన్ని కాక మారిన భాగాన్నే పంపగలదు. దానికీ శాఖల్లో ఇబ్బందులున్నాయి. కరెంటు పోయి సర్వర్ అర్ధంతరంగా ఆగితే డేటాబేస్ సరిగా మూసుకోదు. సర్వర్ 2012 వంటి వెర్షన్లలో అప్పుడు 2213 ఈవెంట్ రాసి, అడ్మిన్ ఆజ్ఞ ఇచ్చేదాకా రెప్లికేషన్ ఆగుతుంది. ఎవరూ లాగ్ చూడని శాఖలో అది వారాల తరబడి అలాగే ఉండిపోతుంది. 60 రోజులు దాటితే 4012 ఈవెంట్ వస్తుంది. దానితో ఆ కంట్రోలర్‌లోని నకలు పాతబడిపోయిందని డీఎఫ్ఎస్‌ఆర్ తేల్చేసి, దాన్ని పంచుకోవడానికి ఒప్పుకోదు.

అనుమతులు, భద్రతా నవీకరణలు. డొమైన్ కంట్రోలర్ తన ఫైళ్లను తానే చదువుకునేటప్పుడు కూడా నేరుగా డిస్కు నుంచి తీసుకోదు. డొమైన్ పేరుతో మొదలయ్యే నెట్‌వర్క్ దారిలో సిస్‌వాల్‌లోకి వెళ్తుంది. అందువల్ల డీఎఫ్ఎస్ క్లయింట్‌ను ఆపేసినా, వర్క్‌స్టేషన్ సర్వీసు ఆగినా, టీసీపీ/ఐపీ నెట్‌బయోస్ హెల్పర్ ఆగినా, సంతకాలు తప్పనిసరి చేసే ఎస్‌ఎంబీ సెట్టింగ్ సర్వర్ వైపు ఒకలా క్లయింట్ వైపు ఒకలా ఉన్నా, ఫైలు ఎదురుగా ఉండి కూడా 1058 పడుతుంది. అవసరం లేదనుకుని ఎవరో ఆపేసిన సర్వీసు దగ్గర వెతుకులాట ముగిస్తే కొండను తవ్వి ఎలుకను పట్టినట్టే ఉంటుంది.

భద్రతా నవీకరణలు కూడా ఈ లెక్కను మార్చాయి. 2015 ఫిబ్రవరిలో వచ్చిన ఎంఎస్15-011 యూఎన్‌సీ హార్డెనింగ్‌ను తెచ్చింది. దాన్ని అమలు చేస్తే సిస్‌వాల్, నెట్‌లాగాన్ దారుల్లో పరస్పర ధ్రువీకరణ, సమగ్రత తనిఖీ తప్పనిసరి. అంతకుముందు ఎన్‌టీఎల్‌ఎంతో ఎలాగో నెట్టుకొచ్చిన శాఖల్లో దాగిన కెర్బెరోస్ లోపాలు అప్పుడు బయటపడ్డాయి. 2016 జూన్‌లో వచ్చిన ఎంఎస్16-072 తరువాత యూజర్ పాలసీలను యూజర్ ఖాతాతో కాక కంప్యూటర్ ఖాతాతో చదవడం మొదలైంది. అథెంటికేటెడ్ యూజర్స్‌ను తీసేసి కొన్ని గ్రూపులకే పరిమితం చేసిన పాలసీలు ఒక్కసారిగా ఆగిపోయాయి. అథెంటికేటెడ్ యూజర్స్‌కు గానీ డొమైన్ కంప్యూటర్స్‌కు గానీ చదివే అనుమతి ఇవ్వడం దానికి పరిష్కారం. పాలసీని అమలు చేసే అనుమతి ఇవ్వనక్కర్లేదు.

భద్రతా సెట్టింగ్‌లలో తప్పు పేర్లు. 1202 ఈవెంట్‌లో 0ఎక్స్534 అన్న కోడ్ ఉంటే, పాలసీలో రాసిన ఏదో ఖాతా పేరు ఇప్పుడు లేదని అర్థం. సర్వీసు ఖాతాను తొలగించి, హక్కుల జాబితాలో దాని పేరు వదిలేసిన చోట ఇది వస్తుంది. విండోస్ ఫోల్డర్‌లోని సెక్యూరిటీ, లాగ్స్ కింద ఉండే విన్‌లాగాన్ లాగ్ ఫైల్లో దొరకని పేరు స్పష్టంగా రాసి ఉంటుంది. 0ఎక్స్4బీ8 కోడ్ అయితే స్థానిక భద్రతా డేటాబేస్, అంటే సెక్‌ఎడిట్ ఫైలు చెడి ఉండవచ్చు.

పరిశోధన క్రమం

అనుభవమున్న అడ్మిన్లు కింది నుంచి పైకి వెళ్తారు. మొదట శాఖ సర్వర్‌లో షేర్ల జాబితా చూస్తారు. సిస్‌వాల్, నెట్‌లాగాన్ రెండూ లేకపోతే ఆ సర్వర్ ఇంకా పూర్తి డొమైన్ కంట్రోలర్‌గా పనిచేయడం లేదని, సిస్‌వాల్ తొలి రెప్లికేషన్ ముగియలేదని అర్థం. రెండూ ఉంటే ఎర్రర్‌లో రాసిన జీపీటీ.ఐఎన్‌ఐ దారిని యథాతథంగా తెరిచి చూస్తారు. ఇక్కడొక మెలిక ఉంది. అడ్మిన్ ఖాతాతో తెరుచుకున్నంత మాత్రాన కంప్యూటర్ ఖాతాకు తెరుచుకుంటుందని కాదు. కంప్యూటర్ పాలసీని చదివేది సిస్టమ్ ఖాతా కాబట్టి, సిసింటర్నల్స్ వారి పీఎస్ఎగ్జెక్‌తో సిస్టమ్ ఖాతాలో కమాండ్ విండో తెరిచి అదే దారిని మళ్లీ చూడాలి.

తరువాత ఎన్‌ఎల్‌టెస్ట్‌తో సర్వర్ తనను ఏ సైటులో లెక్కిస్తోందో, ఏ కంట్రోలర్‌ను ఎంచుకుంటోందో చూస్తారు. డబ్ల్యూ32టీఎంతో సమయం, డీసీడయాగ్‌తో కంట్రోలర్ మొత్తం ఆరోగ్యం, రెప్‌అడ్మిన్‌తో రెప్లికేషన్ స్థితి తెలుస్తాయి. రెప్‌అడ్మిన్ సారాంశంలో ప్రతి కంట్రోలర్ చివరిసారి ఎప్పుడు విజయవంతంగా మార్పులు తెచ్చుకుందో ఉంటుంది. ఆ సమయాన్ని మొదటి 1058 పడిన సమయంతో పోల్చితే ఏది ముందు చెడిందో బయటపడుతుంది.

ఇవన్నీ బాగుంటే అప్పుడు పాలసీ దగ్గరకు రావాలి. జీపీరిజల్ట్ నివేదికలో ఏ పాలసీ అమలైంది, ఏది ఎందుకు పక్కన పడిందన్నది ఉంటుంది. గ్రూప్ పాలసీ ఆపరేషనల్ లాగ్‌లో 5312 ఈవెంట్ వర్తించే పాలసీలను, 5317 వడపోతలో పోయిన పాలసీలను చూపుతుంది. ఒకసారి జరిగిన ప్రాసెసింగ్‌లోని ఈవెంట్లన్నిటికీ ఒకే యాక్టివిటీ ఐడీ ఉంటుంది. దానితో వడపోస్తే కథ వరుసగా చదవవచ్చు. అది కూడా చాలకపోతే రిజిస్ట్రీలో డీబగ్ స్థాయి పెట్టి జీపీఎస్‌వీసీ లాగ్ తెరవాలి.

దిద్దుబాటు

డీఎన్‌ఎస్, సమయం, ఫైర్‌వాల్, సైట్ లోపాలను సరిచేశాక పాలసీని బలవంతంగా తాజా చేస్తే చాలు, మిగతాది దానంతటదే కుదుటపడుతుంది. సిస్‌వాల్ లోపానికి మాత్రం జాగ్రత్త కావాలి. దాన్ని తిరిగి నిలబెట్టే పద్ధతులు రెండు. ఒకటి, శాఖ సర్వర్ తన నకలును పక్కనపెట్టి మంచి నకలున్న భాగస్వామి నుంచి కొత్తగా తెచ్చుకోవడం. ఎఫ్‌ఆర్‌ఎస్‌లో దీన్ని డీ2 అంటారు. డీఎఫ్ఎస్‌ఆర్‌లో ఆ సర్వర్ సభ్యత్వాన్ని ఆపి మళ్లీ తెరవడమే ఈ పని. 4114, 4614 పడి చివర 4604 వస్తే పూర్తయినట్టు. రెండోది, ఒక సర్వర్ నకలునే సరైనదిగా ప్రకటించి మిగతావన్నీ దాని నుంచి తీసుకునేలా చేయడం. ఇది డీ4, డీఎఫ్ఎస్‌ఆర్‌లో 4602 ఈవెంట్ దీనికి ముద్ర.

శాఖలో చేయాల్సింది దాదాపు ఎప్పుడూ మొదటిదే. నెలల తరబడి వెనకబడ్డ శాఖ సర్వర్ మీద పొరపాటున రెండో పద్ధతి వాడితే పాత పాలసీలు సంస్థ అంతటా పరుచుకుంటాయి, కొత్తవి చెరిగిపోతాయి. ఏ పద్ధతికైనా ముందు పీడీసీ ఎమ్యులేటర్‌లోని పాలసీల ఫోల్డర్‌ను విడిగా నకలు తీసి ఉంచుకోవాలి.

డీసీజీపీఓఫిక్స్ అనే పనిముట్టు డిఫాల్ట్ పాలసీలు రెండింటినీ తొలినాటి స్థితికి తెస్తుంది. సంస్థ వాటిలో చేసుకున్న మార్పులన్నీ పోతాయి కాబట్టి, బ్యాకప్ కూడా లేనప్పుడు మాత్రమే దాని జోలికి వెళ్లాలి. టూంబ్‌స్టోన్ గడువు దాటిన శాఖ కంట్రోలర్‌ను బతికించే ప్రయత్నం కన్నా, దాన్ని డొమైన్ నుంచి తొలగించి, దాని ఆనవాళ్లు శుభ్రం చేసి, కొత్తగా నిలబెట్టడం మేలు.

చదవడానికి మాత్రమే ఉండే కంట్రోలర్

తలుపుకు సరైన తాళం లేని గదిలో సర్వర్ ఉంచాల్సిన శాఖల కోసం సర్వర్ 2008లో ఆర్‌ఓడీసీ వచ్చింది. ఇందులో మార్పులు మొదలుకావు, రెప్లికేషన్ లోపలికే వస్తుంది, బయటకు పోదు. ఏ ఖాతాల పాస్‌వర్డ్‌లు ఇక్కడ దాచాలో పాస్‌వర్డ్ రెప్లికేషన్ పాలసీ నిర్ణయిస్తుంది. సర్వర్ 2008 ఆర్2 నుంచి సిస్‌వాల్ కూడా చదవడానికి మాత్రమే ఉండే నకలైంది. దాంతో ఎవరో శాఖలో ఫైలు మార్చి, నకళ్లు వేర్వేరైపోయే ప్రమాదం తగ్గింది.

దీనికి ప్రత్యేకమైన చిక్కు ఒకటుంది. ఒక కంప్యూటర్ పాస్‌వర్డ్ ఆర్‌ఓడీసీలో దాచి లేకపోతే ధ్రువీకరణ కోసం అది ప్రధాన కార్యాలయాన్ని అడగాలి. లైను తెగిన రోజున పాలసీ ఫైళ్లన్నీ శాఖలోనే ఉన్నా ఆ కంప్యూటర్ వాటిని చదవలేదు. యూజర్ ఖాతాలను అనుమతి జాబితాలో చేర్చి, వారి కంప్యూటర్ల ఖాతాలను చేర్చడం మరిచిపోయినప్పుడు ఇది జరుగుతుంది.

నివారణ

సిస్‌వాల్ చిన్నగా ఉంటే శాఖకు సగం బరువు తగ్గుతుంది. పాత ఏడీఎం పద్ధతిలో ప్రతి పాలసీ ఫోల్డర్‌లోనూ సుమారు 4 మెగాబైట్ల టెంప్లేట్ ఫైళ్లు పడేవి. 100 పాలసీలుంటే 400 మెగాబైట్లు ప్రతి శాఖకూ మోయాలి. ఏడీఎంఎక్స్ ఫైళ్లతో సెంట్రల్ స్టోర్ పెట్టుకుంటే అవి డొమైన్ మొత్తానికి ఒకేచోట ఉంటాయి. ఎఫ్‌ఆర్‌ఎస్ మిగిలి ఉంటే డీఎఫ్ఎస్‌ఆర్‌ఎంఐజీ పనిముట్టుతో ప్రారంభం, సిద్ధం, మళ్లింపు, తొలగింపు అన్న దశల్లో మారాలి. చివరి దశ దాటాక వెనక్కి రావడం కుదరదు.

శాఖ కంట్రోలర్‌కు డీఎన్‌ఎస్ చిరునామాలుగా మొదట మరో కంట్రోలర్‌ను, తరువాత తనను పెట్టడం, యూపీఎస్‌తో సర్వర్ క్రమంగా ఆగేలా చూడటం, యాంటీవైరస్‌లో సిస్‌వాల్ మినహాయింపులు రాయడం, కొత్త సబ్‌నెట్ వచ్చిన రోజునే సైటులో చేర్చడం, 2213, 4012, 2042 ఈవెంట్ల మీద హెచ్చరిక పెట్టుకోవడం తక్కువ శ్రమతో ఎక్కువ ఫలితమిచ్చే పనులు. పాలసీలను కన్సోల్ నుంచి క్రమం తప్పక బ్యాకప్ తీయడం వీటన్నిటికీ వెన్నుదన్ను.

ప్రస్తుత స్థితి

ఇంట్యూన్ వంటి క్లౌడ్ నిర్వహణ సేవలు వచ్చాక కొన్ని శాఖల్లో డొమైన్ కంట్రోలర్ అవసరమే తగ్గింది. అయినా గ్రూప్ పాలసీ విండోస్ సర్వర్ 2025లోనూ కొనసాగుతోంది. విండోస్ సర్వర్ 2019 నుంచి ఎఫ్‌ఆర్‌ఎస్ డొమైన్‌లో కొత్త కంట్రోలర్‌ను చేర్చడం కుదరదు కాబట్టి జర్నల్ ర్యాప్ వంటి పాత లోపాలు కనుమరుగవుతున్నాయి. వాటి స్థానంలో ధ్రువీకరణకు, గట్టిపరిచిన భద్రతా సెట్టింగ్‌లకు సంబంధించినవి ఎక్కువయ్యాయి. కంటైనర్, టెంప్లేట్ అన్న రెండు ముక్కల నిర్మాణం మాత్రం 2000లో ఎలా ఉందో ఇప్పటికీ అలాగే ఉంది. అందువల్ల ఏ వెర్షన్ సర్వర్ ముందు కూర్చున్నా మొదట వేయాల్సిన ప్రశ్న మారలేదు: శాఖకు చేరనిది డేటాబేస్‌లోని ముక్కా, ఫైళ్లలోని ముక్కా, లేక రెండూ చేరి ఉండి చదవడానికే వీలు కావడం లేదా?